అలసిపోయింది అండాశయమా, మెదడా?

తిరువూరు, రెడ్డిగూడెం పరిసరాల్లో మామిడి తోటలు ఎక్కువ. ఎండాకాలం కోతలకూ, కాయ ఏరి గంపలకెత్తడానికీ వచ్చే ఆడవాళ్ళలో నలభై అయిదు, యాభై ఏళ్ళ వాళ్ళు బాగానే ఉంటారు. నీడపట్టున కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నప్పుడు కూడా వాళ్ళలో ఎవరికో ఒకరికి ఉన్నట్టుండి రొమ్ము మీది నుంచి మెడకూ, మెడ నుంచి ముఖానికీ వేడి ఎగదన్నుతుంది. ఒళ్ళంతా చెమటతో తడిసిపోతుంది. కాసేపటికే వణుకు. "ముట్లుడిగే వయసు కదే, ఆవిర్లు వస్తాయిలే" అంటుంది పక్కనున్న పెద్దావిడ. అంతటితో ఆ మాట అయిపోతుంది. అదే ఊళ్ళో ఈనిన గేదె నెలలు గడిచినా ఎదకు రాకపోతే మాత్రం ఎవరూ ఊరుకోరు, పశువుల డాక్టరుకు చూపిస్తారు. ఆయన పరీక్ష చేసి, అవసరమనుకుంటే ఒక హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తాడు.

ఆ ఇంజెక్షనూ, ఆ ఆవిరీ ఒకే కథలోవి. రెండింటి మూలమూ మెదడు అడుగున, ముక్కు వెనక భాగానికి కాస్త పైన, నాలుగు గ్రాముల బరువు మాత్రమే ఉండే హైపోథాలమస్‌లో ఉంది. ఈ సంగతి తెలుసుకోవడానికి సుమారు తొంభై ఏళ్ళు పట్టింది. దారిలో లక్షలాది గొర్రెల మెదళ్ళు, ఇటలీ కన్యాస్త్రీల మఠాలు, తుర్కియేలో దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాలు, ఎవరూ పట్టించుకోని ఒక పాత పరిశీలన తగిలాయి.

మొదట్లో ఇందులో చిక్కే లేదనుకున్నారు. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో జీవితానికి సరిపడా అండాలు ఉంటాయి. పుట్టినప్పుడు పది నుంచి ఇరవై లక్షలు, సమర్త నాటికి మూడు నాలుగు లక్షలు, ఆ తరవాత ఏటేటా తగ్గుతూ పోయి, యాభై దగ్గరపడేసరికి దాదాపు ఖాళీ. నిల్వ అయిపోయింది, నెలసరి ఆగిపోయింది. వయసుతో సంతాన శక్తి ఎందుకు ఉడిగిపోతుందంటే ఇంతకన్నా తేలికైన జవాబు లేదు. అందుకే చాలాకాలం ఎవరూ మెదడు వైపు చూడలేదు.

అయితే అండాశయం తనంతట తాను పనిచెయ్యదు. దానికి ఆజ్ఞలిచ్చేది మెదడు కింద వేలాడే పీయూష గ్రంథి అని 1920ల చివరికి తేలింది. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అని ఇప్పుడు మనం పిలిచే రెండు హార్మోన్లు అక్కడి నుంచే రక్తంలోకి వచ్చి అండాన్ని పక్వం చేసి విడుదల చేయిస్తాయి. మరి పీయూష గ్రంథికి ఆజ్ఞ ఎవరిస్తారు? 1930లో లండన్‌లో రుమేనియా శాస్త్రవేత్త గ్రెగర్ పోపా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఊనా ఫీల్డింగ్ కలిసి మెదడుకీ పీయూష గ్రంథికీ మధ్య సన్నటి రక్తనాళాల జాలాన్ని వర్ణించారు. గొప్ప పరిశీలనే, కానీ రక్తం పారే దిశను వాళ్ళు తారుమారుగా ఊహించారు. గ్రంథి నుంచి మెదడుకు పోతోందనుకున్నారు. నిజానికి అది మెదడు నుంచి గ్రంథికి దిగుతోంది.

ఆ దిశ మీద తన జీవితాన్ని పందెంగా పెట్టినవాడు జాఫ్రీ హారిస్. 1937లో, ఇంకా పాతికేళ్ళు నిండకముందే, కేంబ్రిడ్జిలో ఒక కుందేలు హైపోథాలమస్‌ను విద్యుత్తుతో ప్రేరేపించి అండం విడుదలయ్యేలా చేశాడు. మెదడే అండాశయాన్ని నడుపుతోందన్న మాట. కానీ మెదడు నుంచి పీయూష గ్రంథి ముందు భాగానికి నాడులు లేవు. ఉన్నవి ఆ సన్నటి రక్తనాళాలే. కాబట్టి మెదడు ఏదో రసాయనాన్ని ఆ రక్తంలో కలిపి పంపుతూ ఉండాలని హారిస్ వాదించాడు.

ఆయన మాటను చాలామంది నమ్మలేదు. పెద్ద పేరున్న సాలీ జుకర్‌మన్, ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువులో ఆ రక్తనాళాలు తెగిపోయినా ఎద వచ్చిందని చూపించి ఎదురు నిలిచాడు. హారిస్ వెనక్కి తగ్గలేదు. అప్పటికే 1952లో డోరా యాకబ్‌సన్‌తో కలిసి ఎలుకల పీయూష గ్రంథిని తీసి, కొన్నిటిలో మెదడు కింద ఆ రక్తనాళాల దగ్గరే, మరికొన్నిటిలో కాస్త పక్కగా అమర్చాడు. రక్తనాళాల దగ్గర అమర్చిన చోట ఎలుకలు మళ్ళీ ఎదకు వచ్చి పిల్లల్ని కన్నాయి. పక్కన పెట్టినవి అలాగే ఉండిపోయాయి. మగ ఎలుక గ్రంథిని ఆడ ఎలుకలో పెట్టినా ఆడదాని మెదడు చెప్పినట్టే అది పనిచేసింది. 1954లో ఫెర్రెట్ల మీదే ప్రయోగాలు చేసి, రక్తనాళాలు తిరిగి పెరిగిన జంతువుల్లోనే ఎద వస్తోందని ఆయన, డొనొవాన్ కలిసి చూపించారు. వాదం గెలిచింది. రసాయనం మాత్రం దొరకలేదు.

దాని కోసం జరిగిన వేట విజ్ఞాన చరిత్రలోనే అతి కఠినమైన వాటిలో ఒకటి. ఆండ్రూ షాలీ, రోజర్ గియుమాన్ అయిదేళ్ళు హ్యూస్టన్‌లో కలిసి పనిచేసి, 1962లో విడిపోయి, ఒకరి మీద ఒకరు పోటీకి దిగారు. గియుమాన్ గొర్రెల మెదళ్ళను ఎంచుకున్నాడు, న్యూ ఆర్లీన్స్‌లో షాలీ పందుల మెదళ్ళను. కబేళాల నుంచి గడ్డకట్టించి తెచ్చిన ముక్కలు టన్నుల కొద్దీ నూరి, వడకట్టి, విడగొట్టి, అందులో పనిచేసే పదార్థం ఏదో వెతకడం వాళ్ళ రోజువారీ పని. ఏళ్ళు గడిచాయి. చూపించడానికి ఏమీ లేదు. అసలు అలాంటి రసాయనమే లేదేమోనన్న గుసగుసలు మొదలయ్యాయి. 1969 జనవరిలో ఆరిజోనా రాష్ట్రం టక్సన్‌లో, ఈ పనికి ప్రభుత్వ నిధులు ఆపేయాలా అని తేల్చే సమావేశం జరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే గియుమాన్ బృందం థైరాయిడ్‌ను నడిపే హైపోథాలమస్ హార్మోన్ నిర్మాణం దగ్గరికి చేరుకుంది. నిధులు నిలబడ్డాయి. కొద్ది నెలలు ఆలస్యమైతే ఏమయ్యేదో!

సంతానోత్పత్తిని నడిపే హార్మోన్ 1971లో షాలీ బృందానికి చిక్కింది. 1,60,000కు పైగా పందుల హైపోథాలమస్‌ల నుంచి తీస్తే ఒక మిల్లీగ్రాము కూడా రాలేదు. అంత కొద్ది పదార్థంతోనే హిసయుకి మత్సువో, యోషిహికో బాబా దాని నిర్మాణాన్ని ఛేదించారు. అది పది అమైనో ఆమ్లాల గొలుసు. దాన్ని ఇప్పుడు జీఎన్‌ఆర్‌హెచ్ అంటున్నాం. హారిస్ అదే సంవత్సరం నవంబరులో చనిపోయాడు. జీవితమంతా దేని కోసం వాదించాడో దాని పేరు వినగలిగాడు. 1977లో షాలీ, గియుమాన్ నోబెల్ బహుమతిలో సగాన్ని పంచుకున్నారు. మిగతా సగం, రక్తంలో అతి సూక్ష్మంగా ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టిన రోజలిన్ యాలోది. గేదెలకు పశువైద్యులు వాడే హార్మోన్ మందుల్లో ఒకటైన బుసెరెలిన్ ఈ పది ముక్కల గొలుసుకే కొద్ది మార్పు చేసిన రూపం.

హార్మోన్ దొరికింది కదా, ఇక ఎక్కిస్తే చాలనుకున్నారు. అక్కడా ప్రకృతి తేలిగ్గా లొంగలేదు. పిట్స్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ నోబిల్, హైపోథాలమస్‌లో ఆర్క్యుయేట్ అనే చిన్న కేంద్రం దెబ్బతిన్న కోతులకు జీఎన్‌ఆర్‌హెచ్‌ను ఎడతెగకుండా రక్తంలోకి ఎక్కించాడు. హార్మోన్లు పెరగాల్సింది పోయి పడిపోయాయి. మోతాదు పెంచినా ఫలితం లేదు. అప్పుడు ఆయనకు తన బృందమే 1970లో చూసిన ఒక వింత గుర్తుకొచ్చింది. అండాశయాలు తీసేసిన కోతుల రక్తంలో ఎల్‌హెచ్ ఒకే తీరుగా ఉండదు, సుమారు గంటకోసారి ఎగసిపడుతుంది. ఆ లయనే అనుకరించి గంటకు ఆరు నిమిషాలు మాత్రం ఎక్కించి, మిగతా సమయం ఆపేశాడు. పీయూష గ్రంథి మేలుకుంది. 1978లో ప్రచురించిన ఈ ఫలితంతో అసలు విషయం మందు పరిమాణంలో లేదు, లయలో ఉంది అని తేలింది. ఆ లయను వేసేది ఎవరు? ఆర్క్యుయేట్ కేంద్రంలో ఏదో ఉంది, కానీ అదేమిటో నోబిల్‌కు తెలియలేదు. జవాబుకు మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

వయసు సంగతి ఇక్కడికి మరో దారిలో వచ్చి చేరింది. ప్రయోగశాలల్లో ఆడ ఎలుకలు నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తాయి. ఏడాది దగ్గరపడేసరికి ఆ వరస తప్పుతుంది. చాలా ఎలుకలు నిరంతరం ఎదలోనే ఉండిపోతాయి, అండం మాత్రం విడుదల కాదు. విచిత్రం ఏమిటంటే వాటి అండాశయాలను కోసి చూస్తే అండాలు ఇంకా ఉంటాయి. నిల్వ అయిపోవడం అన్న సులువైన వివరణ ఇక్కడ చెల్లలేదు.

ఫ్రాన్సులో పియర్ ఆష్‌హైమ్ ఈ చిక్కును చూసి 1960ల మధ్యలో చేసిన ప్రయోగం నా దృష్టిలో ఈ కథ మొత్తంలోనే అందమైనది. నూజివీడు, రెడ్డిగూడెం రైతులకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. ముదురు చెట్టు కొమ్మను లేత మొక్కకు అంటు కట్టి చూసినట్టే, ఆయన ముసలి ఎలుకల అండాశయాలను తీసి పడుచు ఎలుకల్లో పెట్టాడు. అవి మళ్ళీ వరసగా పనిచెయ్యడం మొదలుపెట్టాయి! పడుచు అండాశయాలను ముసలి ఎలుకల్లో పెడితే అవి కూడా ముసలి వాటి తీరులోనే మూలపడ్డాయి. అంటే లోపం అండాశయంలో లేదు, దాన్ని నడిపే పై అధికారంలో ఉంది. పీయూష గ్రంథా, మెదడా అన్న ప్రశ్న మిగిలింది. 1972లో తైవాన్ శాస్త్రవేత్తలు పెంగ్, హువాంగ్ పీయూష గ్రంథినీ అలాగే మార్పిడి చేసి చూశారు. ముసలి గ్రంథి పడుచు ఒంట్లో బాగానే పనిచేసింది. ఇక మిగిలింది మెదడు ఒక్కటే.

మిషిగన్‌లో జోసెఫ్ మైట్స్ బృందం ఈ మాటను మరింత నాటకీయంగా నిరూపించింది. 1969లో, సంతాన శక్తి ఉడిగిన ఎలుకల మెదడుకు విద్యుత్తు ఇచ్చి అండం విడుదల చేయించారు. 1937లో హారిస్ కుందేలులో చేసిందే, ఈసారి ముసలి ఎలుకలో. 1973లో పార్కిన్సన్ వ్యాధికి వాడే ఎల్-డోపా వంటి మందులిస్తే నెలల తరబడి వరస తప్పిన ఎలుకల్లో ఎద మళ్ళీ క్రమంలోకి వచ్చింది. అండాశయానికి ఏమీ చెయ్యలేదు. మెదడులో డోపమిన్, నారడ్రెనలిన్ వంటి సంకేత రసాయనాలను పెంచారు, అంతే. వయసు పైబడిన మెదడులో ఆ సంకేతాలు సన్నగిల్లుతున్నాయని తేలింది. తరవాత 1994లో ఫిలిస్ వైజ్ బృందం ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. నడివయసు ఎలుకల్లో జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు బతికే ఉన్నాయి, కానీ అండం విడుదలయ్యే వేళకు అన్నీ కలిసి ఒక్కసారిగా స్పందించడం తగ్గిపోయింది. కణాలు పోలేదు, వాటి మధ్య పొందిక పోయింది.

అయితే మెదడును ముదిర్చేది ఏమిటి? కేలెబ్ ఫించ్, జేమ్స్ నెల్సన్, లెడా ఫెలీసియో 1980ల మొదట్లో చుంచెలుకల మీద చేసిన పనిలో దీనికి ఊహించని జవాబు దొరికింది. చిన్నప్పుడే అండాశయాలు తీసేసి, ముసలి వయసు వచ్చాక పడుచు అండాశయం పెడితే, ఆ ఎలుకలు తమ ఈడు మామూలు ఎలుకల కన్నా చాలా బాగా క్రమంలోకి వచ్చాయి. జీవితమంతా ఈస్ట్రోజెన్ తగలని మెదడు తక్కువ ముదిరింది. అంటే అండాశయం పంపే హార్మోనే ఏళ్ళ తరబడి తగిలి తనను నడిపే మెదడును అరగదీస్తోంది. ఎవరిది తప్పని అడిగితే ఇద్దరిదీ అని చెప్పాలి. ఇక్కడికి వచ్చేసరికి ఇదొక పెద్ద పాఠంగా స్థిరపడిపోయింది: ముదిమి మొదలయ్యేది మెదడులోనే.

ఎలుకలకు ఇది నిజం. ఆడమనిషికి? ఇక్కడే కథ ఎదురు తిరిగింది.

ముట్లుడిగిన స్త్రీ మెదడు మూగబోదు. పైగా మరింత గట్టిగా ఆజ్ఞలు పంపుతుంది. ఆ సంగతి ఎప్పుడో తెలుసు, అదీ ఒక మందుల కంపెనీ వల్ల. ఇటలీలో పియెరో డొనీని 1940ల చివర, ముట్లుడిగిన స్త్రీల మూత్రంలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ దండిగా ఉంటాయని గ్రహించి వాటిని శుద్ధి చేశాడు. పిల్లలు కలగని స్త్రీలకు అది మందవుతుందని బ్రూనో లూనెన్‌ఫెల్డ్ అనే యువ వైద్యుడు నమ్మాడు. కానీ అంత మూత్రం ఎక్కడి నుంచి తేవాలి? రోమ్‌లోని సెరోనో కంపెనీ కన్యాస్త్రీల మఠాలను ఆశ్రయించింది. అక్కడి వృద్ధ సన్యాసినులు ఇచ్చిన మూత్రం నుంచి తీసిన మందుతో 1962లో ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ పుట్టింది. తమకు పిల్లలు వద్దని వ్రతం పట్టినవాళ్ళ ఒంటి నుంచే ఇతరుల కడుపు పండింది. విన్నప్పుడల్లా నాకు ఆ సన్యాసినుల మీద గౌరవం కలుగుతుంది.

సన్యాసినుల ఒంట్లో ఆ హార్మోన్లు అంత ఎక్కువగా ఎందుకున్నాయో ఆలోచిస్తే కీలకం దొరుకుతుంది. వాళ్ళ అండాశయాల్లో అండాలు లేవు, ఈస్ట్రోజెన్ రావడం లేదు. "చాలు, ఆపు" అని మెదడుకు చెప్పే ఆ హార్మోన్ లేకపోయేసరికి మెదడు ఆజ్ఞలు పంపుతూనే ఉంది. ఎలుకలో మెదడు ముందు అలసిపోతే, ఆడమనిషిలో నిల్వ ముందు అయిపోయి మెదడు ఒంటరిగా మిగిలిపోతోంది. జంతువుల్లో పరిశోధించి మనిషికి వర్తింపజేసేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మనిషిలో మాదిరిగా ఒక వయసు రాగానే సంతాన శక్తి పూర్తిగా ఆగిపోయి, ఆ తరవాత ఏళ్ళ తరబడి బతకడం గేదెల్లోనూ ఆవుల్లోనూ కనిపించదు. ఓర్కాల వంటి కొన్ని తిమింగలాల్లో మాత్రం కనిపిస్తుంది.

అలాగని ఆడమనిషి మెదడు ముదరకుండా ఏమీ ఉండదు. ముట్లుడిగిన స్త్రీలనే తీసుకుని చూస్తే, యాభైల నుంచి డెబ్బైలకు వచ్చేసరికి జీఎన్‌ఆర్‌హెచ్ లయ నెమ్మదిస్తుందని 2000లో జానెట్ హాల్ బృందం చూపించింది. నెలసరి ఆగబోయే వయసులో కొందరికి ఈస్ట్రోజెన్ పెరిగినా ఎల్‌హెచ్ ఎగసిపడటం లేదని 2004లో గెర్సన్ వైస్, నానెట్ సాంతొరో వెల్లడించారు. మెదడుకు ఈస్ట్రోజెన్ మాట సరిగా వినబడటం లేదు. వయసు మీద పడేటప్పుడు రెండు చోట్లా ఒకేసారి పని జరుగుతోంది, మనిషిలో అండాశయం కాస్త ముందు ఓడిపోతోంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ పాత పరిశీలన దగ్గరికి వద్దాం. లివర్‌పూల్‌లో హెరాల్డ్ షీహన్ ప్రసవంలో రక్తం పోయి పీయూష గ్రంథి దెబ్బతిన్న తల్లుల గురించి జీవితమంతా పరిశోధించాడు. ఆ జబ్బుకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1966లో ఆయన, కొవాక్స్ కలిసి, అలాంటి తల్లుల మెదళ్ళలోనూ, ముట్లుడిగిన స్త్రీల మెదళ్ళలోనూ హైపోథాలమస్‌లో ఒక చోట కణాలు ఉబ్బి పెద్దవై ఉన్నాయని రాశారు. ఆ కణాలు ఏవి, ఎందుకు ఉబ్బాయి అన్నదానికి అప్పటికి సాధనాలు లేవు. ఆ వ్యాసం దాదాపు పాతికేళ్ళు అలాగే పడి ఉంది.

నయోమి రాన్స్ నాడీ వ్యాధుల నిపుణురాలు. శవపరీక్షల నుంచి వచ్చిన మెదళ్ళ పలచటి ముక్కలను సూక్ష్మదర్శినిలో చూడడం ఆమె పని. ముట్లుడిగిన స్త్రీల హైపోథాలమస్‌లో, నోబిల్ అనుమానించిన ఆర్క్యుయేట్ కేంద్రంలోనే, ఆ ఉబ్బిన కణాలు ఆమెకు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఏ కణాల్లో ఏ జన్యువు పనిచేస్తోందో చూపే కొత్త పద్ధతి అప్పటికి అందుబాటులోకి వచ్చింది. 1990లో ఆ కణాల్లో ఈస్ట్రోజెన్‌ను గుర్తించే గ్రాహకం ఉందని, 1991లో అవి న్యూరోకైనిన్-బి అనే చిన్న ప్రోటీనును దండిగా తయారుచేస్తున్నాయని చూపించింది. అంటే ఈస్ట్రోజెన్ ఆపమని చెప్పడం మానేసిందని తెలుసుకుని విజృంభిస్తున్న కణాలు ఇవే. అండాశయాలు తీసేసిన ఎలుకల్లోనూ కోతుల్లోనూ అదే మార్పు కనిపించింది, ఈస్ట్రోజెన్ ఇస్తే తగ్గింది. న్యూరోకైనిన్-బికి సంతానంతో సంబంధం ఉందంటే నమ్మే వాళ్ళు మాత్రం తక్కువ. రాన్స్ టక్సన్‌లో, ఒకప్పుడు ఈ రంగం నిధులే ప్రశ్నార్థకమైన ఆ ఊళ్ళోనే, రెండు దశాబ్దాల పాటు ఈ కణాలను వదలకుండా అధ్యయనం చేసింది.

ఆమెకు సాక్ష్యం ఎవరూ ఊహించని దిక్కుల నుంచి వచ్చింది. 1996లో పెన్సిల్వేనియాలోని హెర్షీ అనే ఊళ్ళో క్యాన్సర్ వ్యాప్తిని అడ్డుకునే ఒక జన్యువును కనుగొని, ఆ ఊరి చాక్లెట్ల పేరు మీదుగా కిస్-1 అని పిలిచారు. ఏడేళ్ళ తరవాత, 2003లో, పారిస్‌లోనూ బోస్టన్‌లోనూ రెండు బృందాలు విడివిడిగా ఒకే సంగతి కనుక్కున్నాయి. ఆ జన్యువు ఇచ్చే కిస్‌పెప్టిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకం చెడితే పిల్లలు ఈడేరరు. క్యాన్సర్ పరిశోధనలో దొరికిన పదార్థం యవ్వనానికి తాళంచెవి అని తేలింది. 2009లో తుర్కియేలోని అదానా నగరంలో కెమాల్ తొపాలోగ్లు, మన మేనరికాల మాదిరిగా దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు జరిగే ఆ ప్రాంతంలో వయసొచ్చినా ఈడేరని పిల్లలున్న కుటుంబాలను పరిశీలించాడు. కొందరిలో చెడిన జన్యువు న్యూరోకైనిన్-బిది, కొందరిలో దాన్ని అందుకునే గ్రాహకానిది. రాన్స్ ముసలి మెదళ్ళలో చూసిందే లేత వయసు పిల్లల్లో లేకపోవడం వల్ల యవ్వనమే రాలేదు.

అంతకు రెండేళ్ళ ముందు, 2007లో, రాబర్ట్ గుడ్‌మన్, మైకేల్ లేమన్ గొర్రెల మెదళ్ళలో ఒకే కణంలో కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్-బి, డైనార్ఫిన్ అనే మూడూ ఉన్నాయని కనుగొన్నారు. మూడింటి మొదటి అక్షరాలు కలిపి వీటిని క్యాండీ కణాలంటున్నారు. న్యూరోకైనిన్-బి వాటిని రెచ్చగొడుతుంది, డైనార్ఫిన్ ఆపుతుంది, కిస్‌పెప్టిన్ ఆ దెబ్బను జీఎన్‌ఆర్‌హెచ్ కణాలకు అందిస్తుంది. రెచ్చడం, ఆగడం, మళ్ళీ రెచ్చడం: నోబిల్ వెతికిన లయ ఇదే.

ఇక ఆవిర్ల సంగతి. ఆవిరి వచ్చినప్పుడల్లా ఎల్‌హెచ్ కూడా ఎగసిపడుతోందని 1970ల చివరికే గమనించారు, కానీ పీయూష గ్రంథి తీసేసిన స్త్రీలకూ ఆవిర్లు వస్తుండటంతో ఎల్‌హెచ్ కారణం కాదని తేలింది. మరి రెండింటినీ ఒకేసారి లేపేది పైనే ఎక్కడో ఉండాలి. క్యాండీ కణాల పోగులు శరీర ఉష్ణోగ్రతను చూసుకునే కేంద్రం దాకా వెళ్తున్నాయని రాన్స్‌కు తెలుసు. 2012లో ఆమె బృందం ఆ కణాలను మాత్రమే నాశనం చేసిన ఎలుకల తోక చర్మం వేడిని కొలిచింది. ఎలుక ఒంటి వేడిని ముఖ్యంగా తోక ద్వారా బయటికి పంపుతుంది. ఆ ఎలుకల తోకలు చల్లబడ్డాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ అదుపు పోయి ఉబ్బిన ఈ కణాలే వేడి కేంద్రాన్ని తప్పుదారి పట్టిస్తున్నాయి. అసలు ఒళ్ళు వేడెక్కకుండానే, వేడెక్కిందనుకుని మెదడు చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తోంది.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో వల్జిత్ ధిల్లో బృందం దీన్ని మనుషుల్లో పరీక్షించింది. 2015లో ముట్లు ఆగని ఆరోగ్యవంతులైన స్త్రీలకు న్యూరోకైనిన్-బి ఎక్కిస్తే వాళ్ళకూ ఆవిర్లు వచ్చాయి. 2017లో, రోజుకు ఏడు, అంతకు మించి ఆవిర్లు వచ్చే 37 మంది స్త్రీలకు ఆ గ్రాహకాన్ని మూసివేసే మాత్ర నాలుగు వారాలు ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు ఆవిర్లు చాలా తగ్గాయి. ఆ మాత్ర కాలేయానికి ఇబ్బంది కలిగించవచ్చని దాన్ని వదిలేశారు. అదే దారిలో వచ్చిన మరో మందు ఫెజొలినెటాంట్‌కు 2023 మేలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆవిర్లకు వాడే ఈస్ట్రోజెన్ మాత్రల ప్రమాదాల గురించి 2002లో వచ్చిన పెద్ద అధ్యయనం తరవాత వాటికి భయపడుతున్న స్త్రీలకూ, రొమ్ము క్యాన్సర్ వల్ల వాటిని వాడకూడని వాళ్ళకూ హార్మోన్ లేని దారి ఒకటి అవసరమైంది. ఈ మందుకూ కాలేయం మీద గట్టి హెచ్చరిక ఉంది. రక్తపరీక్షలు చేయించుకుంటూ, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.

ఇదే కాలంలో మన గడ్డ మీద జరిగిన ఒక సంఘటన ఈ కథను ఇంకో వైపు నుంచి చూపించింది. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో, డెబ్బై దాటిన తూర్పు గోదావరి జిల్లా మహిళ ఒకరు కవల ఆడపిల్లలకు జన్మనిచ్చారు. ఆమెకు ఎప్పుడో ముట్లుడిగాయి. వేరే స్త్రీ అండంతో పిండాన్ని తయారుచేసి, హార్మోన్లతో గర్భసంచిని సిద్ధం చేశారు. అండం ముదురుతుంది, మెదడు ముదురుతుంది, కానీ హార్మోన్ అందితే గర్భసంచి ఆ వయసులోనూ మోయగలదని ప్రపంచమంతా చూసింది. అంత పెద్ద వయసులో ఆ ప్రమాదం ఎందుకన్న చర్చా జరిగింది. 2021లో వచ్చిన చట్టం ఇలాంటి చికిత్సకు స్త్రీ వయసు 50 లోపు ఉండాలని పరిమితి పెట్టింది. తల్లి ప్రాణాన్ని చూస్తే ఆ పరిమితి సబబేననిపిస్తుంది.

ఈ కథ మన ఆడవాళ్ళకు మరీ దగ్గరిది కావడానికి ఇంకో కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో అగ్రస్థానాలు మన రెండు రాష్ట్రాలవే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, మామూలుగా ఏళ్ళ తరబడి మెల్లగా జరగాల్సిన మార్పు ఆ స్త్రీ మెదడులో ఉన్నపళంగా జరుగుతుంది. రాన్స్ చూసిన ఉబ్బిన కణాలు, ఆవిర్లు, నిద్రలేమి ముప్పై అయిదేళ్ళకే మొదలవవచ్చు, ఎముకలు గుల్లబారడం పెరుగుతుంది.

కాబట్టి రెడ్డిగూడెంలో అయినా, మరో ఊళ్ళో అయినా, మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి తీయాలని చెబితే, సంతకం పెట్టకముందు మూడు ప్రశ్నలు అడగండి. అసలు జబ్బు ఏమిటి? ఆపరేషన్ లేకుండా నయం చేసే దారి ఉందా? తీయక తప్పకపోతే అండాశయాలను ఉంచుతారా? ఇక నలభై అయిదు దాటిన అక్కకో, అమ్మకో ఆవిర్లు వస్తుంటే, నెలసరి తప్పుతుంటే, వయసు కదా అని వదిలేయకుండా స్త్రీల వైద్యురాలికి ఒకసారి చూపించండి.